అప్పు లేనివాడి అహం

మీరు నావాళ్లే కాబట్టి చెబుతున్నాను. జీవితంలో అప్పు చేయలేదన్న గర్వం నాకు తలకెక్కి ఉండేది. స్కూటరు రొక్కం ఇచ్చి కొన్నాను. పచారీ కొట్లో ఖాతా కూడా పెట్టనివ్వలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఈఎంఐల బాధ చెప్పుకుంటే చాలు, "మనకా బెడద లేదండీ" అని పందిరంతా వినపడేలా అనేవాణ్ణి.

అలాంటి నాకు క్రెడిట్ కార్డు మీద మనసు పడింది. అవసరమై కాదు. మా తోడల్లుడు ఎయిర్‌పోర్టులో కార్డు చూపించి లాంజ్‌లోకి వెళ్లి టిఫిన్ చేసి వచ్చాడు. ఆయన బ్యాగులు చూస్తూ నేను బయట కూర్చున్నాను. ఆ కాసేపట్లో పుట్టిన అసూయే కారణం. ఇలాంటి అసూయ తెలియనివాళ్లు మనలో ఎవరున్నారు చెప్పండి?

నాలాంటి మచ్చలేని మనిషికి ఇవ్వక ఇంకెవరికిస్తారన్న ధీమాతో దరఖాస్తు పెట్టాను. కుదరదని మెసేజి వచ్చింది. ఒళ్లు మండిపోయింది. వెంటనే ఇంకో బ్యాంకు, వాళ్లూ కాదంటే మరొకటి, పాన్ నంబరు, జీతం వివరాలు, ఓటీపీ, మళ్లీ పాన్, మళ్లీ ఓటీపీ, మా ఆవిడ అన్నానికి పిలుస్తున్నా వినకుండా, తెల్లారేసరికి దేశంలో ఉన్న బ్యాంకులన్నిటికీ నా జాతకం పంపేశాను. ఒక్కరూ ఔననలేదు. పొద్దున్నే నా ఖాతా ఉన్న శాఖకు వెళ్లి, "నేను ఒక్క రూపాయి బాకీ పడ్డ మనిషిని కాదు!" అని అరిచాను. పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లంతా తిరిగి చూశారు. మేనేజరుగారు నెమ్మదిగా అన్నారు: "అదేనండీ ఇబ్బంది. తీసుకుంటే కదా, తిరిగి కడతారో లేదో తెలిసేది."

ఎంత చిన్న మాట! నా నిజాయితీ నాకూ మా ఇంటి ఓనరుకూ తెలుసు. బ్యాంకుకు తెలిసే దారేది? రుణ చరిత్ర రాసిపెట్టే సంస్థలు మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగున్నాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పన్నదే ఎరగనివాడికి ఆ అంకె ఉండదు. పైగా ఆ రాత్రి పెట్టిన ప్రతి దరఖాస్తూ నా చరిత్రలో విచారణగా నమోదైంది. చరిత్ర లేని నాకు తొందరపాటు ఒక్కటే చరిత్రగా మిగిలింది. అంత తక్కువ వ్యవధిలో అన్నిచోట్లా అడిగితే, డబ్బుకు కటకటలాడుతున్నాడని ఎవరైనా అనుకుంటారు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకోమన్నారు మేనేజరుగారు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, డిపాజిట్ మొత్తంలో 75 నుంచి 90 శాతం దాకా సాధారణంగా కార్డు పరిమితిగా ఇస్తారు. నా సొమ్ము తాకట్టు పెట్టి నేనే కార్డు అడుక్కోవాలా అని అహం మళ్లీ అడ్డొచ్చింది. లేచి వచ్చేశాను. చాలాకాలం తర్వాత, తల వంచుకుని వెళ్లి అదే కార్డు తీసుకున్నాను. దానిమీద కరెంటు బిల్లు, పెట్రోలు మాత్రమే. పరిమితిలో 30 శాతం దాటనివ్వను. గడువులోపల మొత్తం కట్టేస్తాను. "కనీస మొత్తం" కట్టి ఊరుకుంటే మిగతా బాకీ మీద చాలా కార్డులకు ఏడాదికి 40 శాతం చుట్టూ వడ్డీ పడుతుంది. ఇలా కడుతూ వచ్చాకే నాకూ ఒక స్కోరు పుట్టింది.

మీ పిల్లలకు కొత్తగా ఉద్యోగం వస్తే ఈ సంగతి ముందే చెప్పండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ధైర్యంగా అడగమనండి. ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది, మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తిరస్కరణకు కారణం చేతికి వచ్చేదాకా మాత్రం రెండో దరఖాస్తు పెట్టనివ్వకండి.