నెరేషన్ లేని సంతకం

ఫిల్మ్ నగర్‌లో కథ వినకుండా ఎవరూ సంతకం పెట్టరు. నిన్నగాక మొన్న రెండు సినిమాలు చేసిన కుర్రహీరో కూడా మూడు గంటలు నెరేషన్ చెప్పించుకుని, సెకండాఫ్ లాగ్ ఉందని దర్శకుణ్ణి తిప్పి పంపుతాడు. అదే బాబు జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి ‘‘ఓటీపీ చెప్పండి సార్’’ అనగానే ఆరంకెలూ గడగడా అప్పజెబుతాడు. దేనికని అడగడు. ఆ అమ్మాయీ చెప్పదు.

మొన్న నేను వెళ్ళిన క్లినిక్ గోడమీద పెద్ద పోస్టర్: ‘‘మీ సౌకర్యార్థం పూర్తిగా డిజిటల్ అయ్యాం!’’ నా సౌకర్యార్థం ఎవరేం చేసినా జేబు తడుముకోవడం నాకలవాటు.

నా ముందు కృష్ణానగర్ పెద్దావిడ, కాస్ట్యూమ్స్ కుట్టే మనిషి. బట్టలకొట్టు సంచీ నిండా చీటీలు, ఎక్స్‌రేలు. ‘‘ఇకమీద ఈ సంచీ మోసుకురానక్కర్లేదమ్మా, ఆభా ఉంటే చాలు’’ అంది కౌంటరమ్మాయి. ‘‘ఆవిడెవరమ్మా?’’ అంది పెద్దావిడ. జవాబు లేదు, ఓటీపీ వెళ్ళింది. వెళ్ళింది కొడుకు ఫోనుకి. కొడుకు షూటింగ్‌లో, ఫోను సైలెంట్‌లో.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల నంబరే ఈ ఆభా. ఇష్టమైతేనే తీసుకోవాలి. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే బీరువాలోకి పోవు, ఏ ఆసుపత్రివి అక్కడే ఉంటాయి. ఎవరు ఏవి చూడాలో, ఎన్నాళ్ళు చూడాలో రోగే చెప్పాలి. ఇచ్చిన అనుమతి వెనక్కీ తీసుకోవచ్చు. మంచి కథే! చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ‘‘పెద్దవాళ్ళకి ఇవన్నీ అర్థం కావు సార్’’ అని నాకు చెప్పడానికి మాత్రం కౌంటరమ్మాయికి అంతకన్నా ఎక్కువే పట్టింది. యాభైమంది డాన్సర్ల కొలతలు నోటికి చెప్పే మనిషికి అర్థం కాదట!

అసలు కాగితాల కాలంలోనే, 2002 వైద్య మండలి నిబంధనల్లోనే, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని ఉంది. మనకి 72 గంటలంటే ఐసీయూ బయట కళ్ళజోడు తీసే సినిమా డాక్టరే గుర్తొస్తాడు.

నాలుగో ఓటీపీకి కొడుకు దొరికాడు. పెద్దావిడ లోపలికెళ్ళింది. తలుపు సగం తెరిచే ఉంది, గోప్యత అంటే అంతేమరి. డాక్టరుగారు స్క్రీన్ వైపే చూస్తూ మౌస్ నొక్కారు, నొక్కారు, నిట్టూర్చారు.

‘‘పాత చీటీలేమైనా తెచ్చారామ్మా?’’

ఆవిడ సంచీ బల్లమీద పెట్టింది. ‘‘దీనికేం నంబరు చెప్పక్కర్లేదా సారూ?’’