తెర చింపుకునే విధానం

కావలసినవి: లైనక్స్ వేసిన కంప్యూటర్ ఒకటి, దాన్ని మీతో పంచుకునే మనిషి ఒకరు, సుడో హక్కు, ఒక ఆదివారం మధ్యాహ్నం. మాది హన్మకొండ కాబట్టి మే నెల ఎండ కూడా. బయటికి పోలేనప్పుడే సెట్టింగుల మీదికి చెయ్యి పోతుంది.

ముందు జీఎల్‌ఎక్స్‌గేర్స్ నడపండి. మూడు పళ్ల చక్రాలు తిరుగుతాయి, టెర్మినల్‌లో అంకె పడుతుంది: సెకనుకు 60 ఫ్రేములు. మానిటర్ చూపించగలిగేదే అంత. అయినా మీ పౌరుషం ఒప్పుకోకూడదు. ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టిపెట్టే వీబ్లాంక్ మోడ్‌ను 0 చెయ్యండి, అంకె వేలల్లోకి పోతుంది. చక్రాలు మాత్రం అవే. గాలి కూడా రాదు.

ఆ 0ని ఎక్కడ రాయాలన్నదే అసలు విద్య. 1993లో బ్రయాన్ పాల్ ఖాళీ వేళల్లో మొదలుపెట్టిన మెసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్, ఇవాళ్టికీ సెట్టింగులను ఒక వరుసలో చదువుతుంది. ప్యాకేజీతో వచ్చినవి ముందు, ఈటీసీలో ఉండే డీఆర్ఐఆర్‌సీ ఫైలు తర్వాత, మన హోమ్‌లో చుక్కతో మొదలయ్యే డీఆర్ఐఆర్‌సీ ఆఖరున. ఆఖరున చదివిందే చెల్లుతుంది. మీ ఒక్కరికే కావాలంటే హోమ్‌లో రాస్తే సరిపోతుంది. కాబట్టి ఈటీసీలో రాయండి. సుడో కొట్టేటప్పుడు వేళ్లకొచ్చే హోదా హోమ్ ఫైలుకు ఎక్కడిది? ఎందుకైనా మంచిదని హోమ్‌లోనూ ఒక కాపీ పడేయండి.

ఎందుకు మార్చారో కామెంట్ రాయకండి. గుర్తుంటుంది.

పాత ఫైలును దాచండి, పేరు పక్కన ఓల్డ్ అని. మళ్లీ మారిస్తే ఓల్డ్2. నా దగ్గర ఫైనల్ ఉంది, నిజం ఫైనల్ ఉంది. నిజం ఫైనల్ తేదీ ఓల్డ్ కన్నా పాతది.

మా తమ్ముడు తన లాగిన్‌లో సినిమా పెట్టుకున్నాడు. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా హీరో తల ఒకచోట, మొండెం ఒకచోట.

"అన్నా, మళ్ల ఏం జేసినవ్?"

"డ్రైవర్ అప్‌డేట్ అయిందిరా." ఈ జవాబు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

ఆ రాత్రి చప్పుడు చేయకుండా ఈటీసీ ఫైలు తీసేశాను. వాడి తెర అతుక్కుంది. నాది అతుక్కోలేదు.

మూడు రాత్రులు కూర్చున్నాను. కెర్నల్ మార్చాను. చౌరస్తాకు పోయి కొత్త కేబుల్ తెచ్చాను. చివరికి సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఫొటోలు పోతాయని హోమ్ పార్టిషన్‌ను మాత్రం ముట్టుకోకుండా. కొత్త సిస్టమ్, పాత చిరుగు. ఇంత పని చేస్తూ నేను తిట్టుకున్నది డ్రైవర్ రాసినవాళ్లను. వాళ్లెవరో నాకు తెలియదు, డబ్బులూ కట్టలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా తమ్ముడు పట్టాడు, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క నములుతూ: "నా లాగిన్‌ల మంచిగనే ఉన్నది గదనే?"

హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్ హెచ్ నొక్కితే చుక్క ఫైళ్లన్నీ బయటపడ్డాయి. మధ్యలో అది. ఏడు లైన్లు, నా చేత్తో రాసినవే.

తీసెయ్యలేదు. పేరు పక్కన ఓల్డ్ చేర్చాను.