లారీ లేని లారీ బడి

కారు నేర్పేవాళ్లు వీధికొకరున్నారు. పన్నెండు చక్రాల లారీ నేర్పే బడి ఎక్కడుందో చెప్పండి చూద్దాం! బోర్డులకైతే లోటు లేదు. 'ఇచ్చట టూవీలర్, కారు, హెవీ నేర్పబడును' అని రాసి, పక్కన లారీ బొమ్మ కూడా వేస్తారు. లోపలికెళ్తే ఒక బల్ల, రెండు కుర్చీలు, బయట ఓ ముసలి కారు. "లారీ ఏదండీ?" అంటే "లోడుకెళ్లింది" అంటారు. ఎప్పుడెళ్లినా లోడుకే వెళ్లి ఉంటుంది. అంత కష్టజీవి లారీ దేశంలో మరొకటి ఉండదు.

చట్టం మాత్రం అన్నీ ఆలోచించింది. హెవీ నేర్చుకోవాలంటే ముందు ఏడాదిపాటు లైట్ లైసెన్సు ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 30 రోజుల శిక్షణ, అందులో 15 గంటలు స్వయంగా నడపాలి. ఆ తర్వాత బడివాళ్లు ఫారం 5 అనే శిక్షణ సర్టిఫికెట్టు ఇవ్వాలి. చాలాచోట్ల ఈ ఆఖరి మాటనే శ్రద్ధగా పాటిస్తున్నారు.

2019లో లారీ వంటి రవాణా వాహనాల డ్రైవర్లు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఎత్తేశారు. మంచిదే, గేరు మార్చడానికి వ్యాకరణం అక్కర్లేదు. కానీ ఒక బడి మానేసినవాడికి ఇంకో బడి చూపించాలి కదా! చూపించారు. 2021 నిబంధనల్లో గుర్తింపు పొందిన కేంద్రాలన్నారు. రెండెకరాల స్థలం, సిమ్యులేటరు, ట్రాకు, హెవీకి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు. అక్కడ పాసైతే ఆర్టీఏ ఆఫీసులో మళ్లీ టెస్టు ఉండదు. అంతా బాగుంది. రోడ్డు పక్కన రెండెకరాలున్న తెలుగువాడు అందులో డ్రైవింగు బడి పెడతాడా, ప్లాట్లు వేస్తాడా?

అందుకే మన అసలు లారీ బడి క్లీనరు సీటే. ఫీజు లేదు, సెలవుల్లేవు. టైర్లు తట్టి చూడటం, తాళ్లు బిగించడం, డ్రైవరుకు టీ తేవడం థియరీ. రాత్రి రెండింటికి గురువుగారి కన్ను మూతపడితే ప్రాక్టికల్స్ మొదలు. ప్రయోగశాల జాతీయ రహదారి. ప్రయోగ సామగ్రి ఎదురుగా వచ్చే మనం.

తేడా వస్తే మర్నాడు పేపర్లో 'డ్రైవరు నిర్లక్ష్యం' అని వేస్తాం. నేర్పకుండానే సర్టిఫికెట్టిచ్చిన వాడి నిర్లక్ష్యం ఏ హెడ్డింగులోనూ కనబడదు.

పిల్లాణ్ణి హెవీ నేర్చుకోవడానికి పంపే తల్లిదండ్రులకు ఒక్క మనవి: ఫీజు కట్టేముందు బండి చూడండి, నేర్పేవాడి లైసెన్సు చూడండి. గంటలు పూర్తికాకుండా ఫారం 5 చేతిలో పెడితే మాత్రం తీసుకోకండి.