రాజధాని పెద్దన్న

కర్నూలులో ఎవరి పని ఆగినా పెద్దన్న చెవిన పడాల్సిందే. పింఛను కానీ, బదిలీ కానీ, సర్వే నంబరులో తప్పు కానీ, ఏదైనా ఒకటే మాట: "పైన చూసుకుందాం లే!" పైన అంటే దేవుడు కాదు, రాజధాని.

సోమవారం స్టేషన్లో చూడాలి ఆయన్ని. ఒంటిమీద గళ్ల లుంగీ. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మడత చెడకుండా కవర్లో. చేతిలో మూడు సంచులు: ఒకదాంట్లో ఊరందరి కాగితాలు, ఒకదాంట్లో సద్దరొట్టెలు, ఎర్రగారం, మూడోదాంట్లో రాజధానిలో ఉన్న "మనోనికి" వేయించిన బుడ్డలు. ఎండాకాలమైతే బనగానపల్లె మామిడిపండ్లు. రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఆయన తువ్వాలు జనరల్ పెట్టెలోకి ఎగిరి సీటు మీద పడుతుంది.

రాజధాని హైదరాబాదుగా ఉన్నప్పుడు కడపలో వెంకటాద్రి ఎక్కిన వియ్యంకుడు ఆ శ్రమ కూడా తప్పించేవాడు. ఆయనదీ అక్కడ ఇదే పని. "మనోడు బాగుండాడా బావా?" అని ఈయన. "నీ దయ బావా" అని ఆయన. ఆ మనోణ్ని ఇద్దరూ ఇంతవరకు చూడలేదు. మహబూబ్‌నగర్ వచ్చేలోపు ఎదురు సీటాయన కాగితం కూడా సంచిలో చేరేది.

"మా తాతకు మద్రాసప్పా" అని మొదలుపెడతాడు. "1953 అక్టోబరు 1న రాజధానే నడిచి మన ఊరికొచ్చె. గుడారాల్లో ఆఫీసులు! మూడేండ్లు మా తాత కొత్త చెప్పులు కొన్లేదు. 1956 నవంబరు 1న అది హైదరాబాదు పాయె. దాని ఎనకాలే మేమూ రైలెక్కితిమి."

ఇప్పుడు అమరావతి. అది మాకు తూర్పున ఉంది. రైలు మాత్రం ముందు దక్షిణాన డోన్‌కు పోయి, అక్కడి నుంచి నంద్యాల, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి గుంటూరు చేరుతుంది. ఎవరైనా విసుక్కుంటే పెద్దన్న నవ్వుతాడు: "ఫైలు కూడా ఇట్లే పోతాదప్పా. ఒకసారి పక్కకు పోకుండా ఏ ఫైలైనా పైకి పోయిందా?"

బుధవారం దిగుతాడు. చొక్కా నలిగి ఉంటుంది, బుడ్డల సంచి ఖాళీ అయి ఉంటుంది, కాగితాల సంచి బరువు మాత్రం తగ్గదు.

"ఏమాయ పెద్దన్నా?"

"అయిపోయినట్టే! ఒక్క సంతకమే తక్కువ."

ఆయన్ని మోసగాడనడానికి నోరు రాదు. ఎవరి దగ్గరా టికెట్టు డబ్బులకు మించి తీసుకోడు. పని కాకపోయినా, మన పేరు ఒకరు అంత దూరం మోసుకుపోయారన్న తృప్తి మిగులుతుంది. మా పొలం కాగితం ఆయన సంచిలో రెండు రాజధానులు చూసింది. నేను ఇంకా ఒక్కటీ చూడలేదు.

వచ్చే సోమవారం మళ్లీ పోతున్నాడు. మీకేమైనా పనుంటే చెప్పండి. బుడ్డలు మాత్రం మీరే వేయించి ఇవ్వాలి.