సారమేయ సంజీవని (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

మల్లినాథ సూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చుకున్నాడు. రఘువంశం చేతిలో ఉన్నవాడు అలాంటి మాటలు ఎన్నైనా ఇచ్చుకోవచ్చు. నా చేతిలో ఉన్నది మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు. అందులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ కాబట్టి ఆ నియమం ఇక్కడ చెల్లదు. ఆయన వ్యాఖ్య పేరు మాత్రం సగం అరువు తెచ్చుకున్నాను.

మూలము

"అందరికీ నమస్కారం. మన బిల్డింగులో ఒక కుక్కపిల్ల పొద్దుటి నుంచి ఏడుస్తోంది. సంబంధిత ఫ్లాటు వారు దయచేసి గమనించగలరు. ఎవరినీ ఉద్దేశించి కాదు."

కవి 303 గారు. రచనాకాలం మంగళవారం పగలు పదకొండున్నర. నాయకుడు 302లో ఉండే రెండు నెలల లాబ్రడార్ పిల్ల, పేరు బ్రూనో. యజమానులు భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు, వారానికి మూడు రోజులు ఆఫీసుకి మొహం చూపించి రావాలి. బిల్డింగు మొత్తానికి కుక్క ఇదొక్కటే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే గాని "ఒక కుక్కపిల్ల" అనడంలోని సొగసు అందదు.

ప్రతిపదార్థము

అందరికీ = 302 వాళ్లకి; నమస్కారం = ఇక మొదలుపెడుతున్నాను కాచుకోండి అని; మన బిల్డింగులో = మా హాలు గోడకి అవతల; ఒక కుక్కపిల్ల = మీ కుక్కపిల్ల; పొద్దుటి నుంచి = నా ఆఫీసు కాల్ మొదలైనప్పటి నుంచి; సంబంధిత ఫ్లాటు వారు = పేరు పెట్టి పిలిస్తే పోట్లాటవుతుంది కనుక పేరు లేకుండా పిలవబడినవారు; దయచేసి = నా ఓపిక అయిపోయింది; గమనించగలరు = గమనించి తీరాలి; ఎవరినీ ఉద్దేశించి కాదు = మిమ్మల్నే.

"గమనించగలరు"లో ఉన్న "గలరు" చూడటానికి సామర్థ్యం చెబుతున్నట్టుంటుంది. కరెంటాఫీసు నోటీసులు చదివి పెరిగిన జాతికి అది సామర్థ్యం కాదని వేరే చెప్పక్కర్లేదు. "బిల్లు చెల్లించగలరు" అన్నవాడు మన స్తోమతని మెచ్చుకోవడం లేదు.

పాఠాంతరము

మూలానికి సరిగ్గా పైన "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఒక శిథిల శాసనం కనిపిస్తుంది. అది శిథిలం కాకముందే చదివిన ఏకైక పండితుడు 401 గారు. ఆయన చెప్పిన ప్రకారం తొలి పాఠం "మొరిగి చంపుతోంది". చంపడం నుంచి ఏడవడానికి కవి క్షణాల్లో దిగివచ్చాడు. రౌద్రం కరుణలోకి మళ్లింది. రసమంటూ ఉన్నది కరుణమొక్కటే, మిగిలినవన్నీ దాని వేషాలే అన్నది భవభూతి పక్షం. భవభూతికి పక్కింట్లో కుక్కపిల్ల ఉండి ఉంటుందని నా ఊహ. ఈ సవరణ వెనక 303 గారి భార్య చేయి ఉందని 401 గారు వాదిస్తారు. ఆవిడ పిల్లల్ని పెంచిన మనిషి, ఆ గొంతు మొరుగుడు కాదని ఆవిడకి తెలిసే ఉంటుంది.

విశేషము: "ఏడుస్తోంది"

అర్థం చెప్పకుండా కావాలనే వదిలిన మాట ఇది. నేను ఉండేది 202, అంటే ఆ ఏడుపుకి సరిగ్గా కింద. వృత్త లక్షణం చెప్పే అధికారం నాకుంది. ముందు రెండు పొట్టి అరుపులు, తర్వాత సన్నగా సాగదీసిన ఒక "ఊఁ...", ఆ పైన నిశ్శబ్దం. ద్రుతవిలంబితం అన్న పేరు దీనికి అతికినట్టు అతుకుతుంది. ఆ నిశ్శబ్దంలో గోళ్ల చప్పుడు నా సీలింగు మీద టకటకా తలుపు దాకా వెళ్లి ఆగుతుంది. లిఫ్టు మూడో అంతస్తులో ఆగినప్పుడల్లా ఇదే వరస. గ్రిల్లు తెరుచుకుంటుంది, "ప్లీజ్ క్లోజ్ ది డోర్" అని లిఫ్టులోని అమ్మాయి మొత్తుకుంటుంది, చెప్పుల చప్పుడు 304 వైపు వెళ్లిపోతుంది. ఊపిరి బిగబట్టి విన్న బ్రూనో అప్పుడు మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంటాడు.

మనుస్మృతి నాలుగో అధ్యాయంలో, కుక్క, గాడిద, ఒంటె కూస్తున్నప్పుడు వేదం చదవరాదని ఉంది. ఆ సమయం అనధ్యయనం. 303 గారు ఇంటి నుంచి చేసే పనికి కూడా ఇది వర్తిస్తుందని నేను నిర్ణయిస్తున్నాను. వాళ్ల మేనేజరు స్మృతులు చదవకపోతే ఆ దోషం వ్యాఖ్యాతది కాదు.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది. చేసింది 101 గారు, రిటైరైన ఇంజినీరు. "అది ఒట్టి పెంకెతనం. మనం పట్టించుకుంటే ఇంకా ఎక్కువవుతుంది. నాలుగు రోజులు ఏడవనివ్వండి, అదే నోరు మూసుకుంటుంది." వినడానికి గట్టి వాదమే. చాలామంది లైకులు కూడా కొట్టారు.

సమాధానం. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్లకి తనవాళ్లెవరో మనసులో ముద్రపడే కాలం. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కుక్కల్ని పెంచి గమనించి 1965లో ఆ సంగతులు పుస్తకంగా వేశారు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదంటాయి. బ్రూనోకి ఆ ఎనిమిదీ ఇప్పుడిప్పుడే నిండాయి. మొన్నటి దాకా తల్లి పొట్ట పక్కన, అరడజను తోబుట్టువుల మీద ఒకడై పడుకున్నవాడు ఇప్పుడు డబుల్ బెడ్రూమ్ ఫ్లాటులో గ్రానైటు గచ్చు మీద ఒక్కడే ఉన్నాడు. అడవిలో తప్పిపోయిన పిల్ల అరవకపోతే తల్లికి దొరకదు. అరవడం దానికి బతుకు తెరువు. 1978లో జాక్ పాంక్సెప్, ఆయన సహచరులు ఇలా విడదీసిన పిల్లలకి నిద్ర రానంత చిన్న మోతాదులో నల్లమందు జాతి మందు ఇచ్చి చూస్తే ఏడుపు తగ్గింది. మనవాళ్ల దగ్గర ఉన్నప్పుడు మెదడులో సహజంగా ఊరే పదార్థానికీ ఆ మందుకీ చుట్టరికం ఉంది. అంటే వాడికి లోపించింది బుద్ధి కాదు, తోడు. కాబట్టి పెంకెతనమన్న పక్షం నిలవదు. ఇది విని 101 గారి ఇంట్లో ఎవరైనా బ్రూనోకి మత్తుమందు ఆలోచన చేస్తే ఈ వ్యాఖ్య బాధ్యత వహించదు.

ఇంకో చిన్న సంగతి. ఉచ్చ ఆపుకోవడానికి పశువైద్యులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: నెలల వయసుకి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు, అదీ మహా అయితే. బ్రూనోకి మూడు. ఆఫీసు క్యాబు తొమ్మిదికి వస్తుంది, తిరిగి ఏడుకి దింపుతుంది. మిగతా గంటలు దేనికి ఏడుస్తున్నాడో ఇక టీక అక్కర్లేదు.

టీక అంటే గుర్తొచ్చింది, వాడికి ఆ రెండో రకం టీకాలు కూడా పూర్తికాలేదు. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలై పదహారు వారాల దాకా విడతలుగా వేస్తారు. అంతదాకా వీధి కుక్కలు తిరిగే చోట కింద వదలొద్దంటారు, పార్వో అనే జబ్బు భయం. పోనీ కాసేపు పరిగెత్తించి అలసగొట్టి వెళ్దామంటే ఆ దారీ మూసుకుపోయింది.

విశేషము: "గమనించగలరు"

గమనించి ఏం చేయాలో మూలంలో లేదు. కవులు అంతే. వ్యాఖ్యాత పూరిస్తున్నాడు.

ఒంటరితనం కూడా అభ్యాసం మీద వచ్చే విద్యే. ఇద్దరూ ఇంట్లో ఉన్న ఆదివారం నాడే మొదలుపెట్టాలి. గదిలో వాడికి కాస్త తిండి పెట్టి తలుపు చేరవేసి, వాడు గొంతెత్తక ముందే తిరిగి తీయాలి. మొదట అరనిమిషం, తర్వాత నిమిషం, అయిదు నిమిషాలు. ఏడ్చాక తలుపు తీస్తే ఏడిస్తేనే తెరుచుకుంటుందని నేర్చుకుంటాడని కొందరు భయపడతారు. అందుకే పాఠం అంత పొట్టిగా ఉండాలి, ఏడ్చే అవసరమే రాకూడదు. తాళంచెవి గలగల వింటే చాలు వాడికి గుండె దడ. కాబట్టి అప్పుడప్పుడూ తాళం తీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా సోఫాలో కూర్చోవాలి. చూసేవాళ్లకి పిచ్చిగా ఉంటుంది, పనిచేస్తుంది. కొరుక్కోవడానికి ఒక బొమ్మ, వాసనకి ఉతకని టీషర్టు ఒకటి వదలాలి. గుమ్మం దగ్గర కౌగిలింతలు, "అమ్మ వచ్చేస్తుందిరా బంగారం" అని అప్పగింతల పాట, ఇవి మానాలి. సాయంత్రం వచ్చి గచ్చు మీద మడుగు చూసి కసరకూడదు. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు తిడుతున్నారని వాడికి తెలియదు, మీరు రాగానే భయపడాలని మాత్రం తెలుస్తుంది.

విశేషము: "దయచేసి"

దయ కుదరకపోతే చట్టం ఉందని అసోసియేషన్ మీటింగులో ఒక తీర్మానం ప్రతిపాదనకి వచ్చింది. కుక్కల్ని నిషేధిద్దామని. కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ మెజారిటీతో తీర్మానించినా సరే పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. మొరగడం కుక్కకి సహజం, కొంత ఓర్చుకోవాలి అని అందులోనే ఉంది. ఎడతెగని అరుపు ఇరుగుపొరుగుకి ఇబ్బందే, దాన్ని తగ్గించడానికి, ముఖ్యంగా రాత్రిపూట, యజమాని గట్టిగా ప్రయత్నించాలని కూడా అందులోనే ఉంది. మొదటి వాక్యం 302 వాళ్లు గ్రూపులో పెట్టారు, రెండోది 303 గారు పెట్టారు. మొత్తం పేరా ఎవరూ పెట్టలేదు. 101 గారు 2000 సంవత్సరపు శబ్ద నిబంధనలు తీసి, నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదని ఫోనుతో కొలవబోయారు. ఫోను బ్రూనో దగ్గర కంటే వాళ్ల సొంత వంటింటి మిక్సీ దగ్గర ఎక్కువ చూపించిందని భోగట్టా. ఇక 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం, కట్టేసి ఉంచిన కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా నేరమే అంటుంది. మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మా గేటు పక్క బండి మీద అంతకి రెండు ప్లేట్ల ఇడ్లీ కూడా రాదు.

విశేషము: "ఎవరినీ ఉద్దేశించి కాదు"

ఇది అన్యాపదేశం. కాకి మీద పెట్టి కోయిలకి చెప్పడం లాంటిదని అలంకారశాస్త్రం మెచ్చుకుంటుంది. నేను మెచ్చుకోలేకపోతున్నాను. కారణం భారతంలో ఉంది.

జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. సరమ అనే దేవశునకం కొడుకు ఆడుకుంటూ అటు వచ్చాడు. రాజుగారి తమ్ముళ్లు కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. ఏదో తప్పు చేసి ఉంటావులే అంది తల్లి, అందరు తల్లుల్లాగే. హవిస్సు వంక చూడనైనా లేదన్నాడు వాడు. సరమ లేచి తిన్నగా యాగశాలకి నడిచి, మావాడు ఏ తప్పూ చేయలేదు, ఎందుకు కొట్టారు అని రాజు మొహం మీదే అడిగింది. చూశారు, చదివారు, జవాబివ్వలేదు. అప్పుడు శపించింది, ఊహించని భయం మీ మీదికి వస్తుందని. ఆ శాపానికి విరుగుడు వెతుకుతూ పోయిన కథ సర్పయాగం దాకా నడుస్తుంది, ఆ యాగంలోనే మిగతా భారతమంతా చెప్పారు. పదకొండో శతాబ్దంలో నన్నయ గారు తెలుగుకి తొలికావ్యం ఎత్తుకుని, మొదటి ఆశ్వాసంలోనే సరమ నోట ఒక కంద పద్యం పలికించారు. బళ్లో దాన్ని బట్టీపట్టినవాళ్లలో చాలామందికి అది చెప్పింది కుక్క అని గుర్తుండదు.

సరమ "సంబంధిత రాజకుమారులు గమనించగలరు" అనలేదు. 303 తలుపు నుంచి 302 తలుపుకి నాలుగడుగులు, మధ్యలో ఒక చెప్పుల స్టాండు. కవిగారు ఆ నాలుగడుగులూ నడవలేక కావ్యం రాశారు.

నడిచింది 304 పెద్దావిడ. కొడుకు దగ్గర ఉండటానికి అమలాపురం నుంచి వచ్చారు, గ్రూపులో లేరు, స్మార్టు ఫోను లేదు. రాత్రి తొమ్మిదింటికి 302 బెల్లు కొట్టారు.

"ఏవమ్మా, పొద్దస్తమానం ఏడుస్తున్నాడు పిల్లాడు. రేపట్నించి తాళంచెవి నాకిచ్చి వెళ్లు. మజ్జానం ఓసారి తీసుకొచ్చి మా ఇంట్లో వదిలేస్తాను."

"అయ్యో, మీకెందుకు ఆంటీ శ్రమ!"

"శ్రమేవుంది? నాకు సీరియల్లో ఒక్క ముక్క వినపడ్డం లేదు."

ఆవిడ మాటలకి ప్రతిపదార్థం రాయబోయి మానుకున్నాను. ప్రతి మాటకీ ఆ మాటే అర్థం వస్తోంది. ఇలాంటి రచన వ్యాఖ్యాతల పొట్ట కొడుతుంది.

గద్య

ఇది శ్రీమన్నిజాంపేట వాస్తవ్య, ద్వితీయాంతస్తు నివాస, బకాయిరహిత మెయింటెనెన్సు బిరుదాంకిత, 202 నామధేయ ప్రణీతంబైన సారమేయ సంజీవని యను వ్యాఖ్యయందు తృతీయాంతస్తు కాండము సమాప్తము. చతుర్థాంతస్తు డ్రిల్లింగు మిషను మీద 401 గారు ఇప్పుడే పెట్టిన "చిన్న పని, పది నిమిషాలు మాత్రమే" అను మూలమునకు వ్యాఖ్య, ఆ పది నిమిషములు ముగిసిన పిమ్మట ఆరంభింపబడును.