బంకు మంచానికి వాస్తు

దుబాయ్ మున్సిపాలిటీలో వాస్తు సిద్ధాంతులు కూర్చున్నారని నాకు 2025లోనే తెలిసింది. రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫా పేటల్లోని ఫ్లాట్లలో అనుమతి లేకుండా లేపిన పార్టిషన్లన్నీ పీకేయాల్సిందేనని కబురు పెట్టారు కదా. "ఈ గోడ ఇక్కడుండకూడదు, కొట్టించెయ్యండి" అనడానికి మన దగ్గరైతే దక్షిణ తాంబూలాలు పుచ్చుకుంటారు. అక్కడ ఆ సలహా ఉచితం, వినకపోతే ఎదురు జరిమానా.

గోడ కొట్టమంటే ఎందుకని అడిగే అలవాటు మనకు లేదు. 2020లో హైదరాబాద్ పాత సచివాలయం కూలుతున్నప్పుడు దుమ్ము కంటే వాస్తు మాటే ఎక్కువ లేచింది. అందుచేత జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లి ఆ పార్టిషన్ల వెనక పడుకుంటున్న మనవాళ్లు ఈ ఉత్తర్వును వాస్తు దోషంగానే తీసుకోవాలని నా మనవి. మున్సిపాలిటీ గోడ వరకే చెప్పి వదిలేసింది. మంచం సంగతి మన సిద్ధాంతి గారు చూసుకుంటారు. వాట్సాప్ వీడియో కాల్ ఎందుకుంది?

ముందు స్థల పరిచయం. బస్టాపు స్తంభానికి అంటించిన కాగితం మీద ఉంటుంది: ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్‌కు లోయర్ బెడ్, మెట్రో దగ్గర, ఏసీ, వైఫై, కరెంటు, నీళ్లు అన్నీ అద్దెలోనే. ఊళ్లో పెళ్లాం, ముగ్గురు పిల్లలు, రెండు అప్పులు ఉన్నవాడు కూడా ఆ కాగితం చింపుకుని జేబులో పెట్టుకున్న క్షణం నుంచి బ్యాచిలరే. అలాంటి ఒక బ్యాచిలర్ ఫోన్ చేశాడనుకోండి.

"పంతులు గారూ, దండం. జెర మా జాగ జూడుండ్రి."

"సింహద్వారం ఎటుంది నాయనా?"

"దర్వాజ లేదు, పరదనే."

"పోనీ ఆ పరదా ఏ దిక్కు చూస్తోంది?"

"బాత్రూం దిక్కు."

"ప్రహరీ?"

"అదే పరద."

సిద్ధాంతి గారు గొంతు సవరించుకున్నారు. "సరే, పైన దూలమేమైనా ఉందా? దూలం కింద పడుకోకూడదు."

"పైన నెల్లూరాయన ఉంటడు."

శాస్త్రంలో దూలం గురించి ఉంది గానీ నెల్లూరాయన గురించి లేదు. తొంభై కిలోల మనిషి పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా కింది మంచం వాడి నెత్తిన ఇనుప పట్టీ కిర్రుమంటే, దానికి శాంతి ఏమిటో ఏ గ్రంథకర్తా రాయలేదు. సిద్ధాంతి గారు ఆ ప్రశ్న దాటేసి ఈశాన్యానికి వచ్చారు. ఈశాన్యంలో నీళ్లుండాలి. "ఏసీ కారేది గక్కడనే పంతులు గారూ, బకెట్ పెట్టినం." శుభం. నైరుతిలో బరువుండాలి. తొమ్మిది మంది సూట్‌కేసులూ అక్కడే ఉన్నాయి. దివ్యం. మధ్యలో బ్రహ్మస్థానం ఖాళీగా వదలాలి. "అండ్ల కొత్తగొచ్చిన పిలగాడు చాప పరుసుకొని పంటుండు." అయ్యో. మరి ఆగ్నేయంలో అగ్ని? "ఎక్స్‌టెన్షన్ బాక్సున్నది. ఏడు ఫోన్లు, రైస్ కుక్కర్, అన్నీ దానికే." భేష్, ఇంత పద్ధతైన ఆగ్నేయం విజయవాడ బిల్డర్లకు కూడా కుదరదన్నారు.

తల దక్షిణానికి పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే ఎదుటాయన పాదాలు మొహానికి తగులుతాయి. ఉత్తరానికైతే యమగండం, తూర్పున గోడ, పడమట నడిచే దారి. అయినా ఆ మంచం వీడికి రాత్రి పూటే. పగలు నైట్ డ్యూటీ వాడిది, వాడి తల ఎటో వాడి ఇష్టం. దుప్పటి మారుతుంది, వెచ్చదనం మాత్రం మారదు.

"యజమాని జన్మ నక్షత్రం చెప్పు నాయనా, ఆయం కట్టాలి."

"ఏ యజమాని? ఫ్లాట్ ఓనరా, ఓనర్ దగ్గర తీసుకున్న మెయిన్ టెనెంటా, మెయిన్ టెనెంట్ దగ్గర హాలు తీసుకున్నాయనా, పగటాయనా, నేనా?"

ఇంతమంది నక్షత్రాలు కలిపి ముహూర్తం పెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. చివరికి డబ్బు కట్టేవాడి నక్షత్రమే ఖాయం చేసి, మంచం కొలతలు గుణించి, ఎనిమిదితో భాగించారు. శేషం ఆరు. ఖరాయం. అంటే గాడిద. తెల్లవారుజామున బస్సెక్కి, ఎండలో పని చేసి, చీకటి పడ్డాక అదే బస్సు దిగే మనిషి విషయంలో సిద్ధాంతి గారి లెక్క ఎప్పుడూ తప్పదు. కాస్త పొడవు పెంచితే గజాయం వస్తుందన్నారు. పెంచితే పక్క మంచమాయన మోకాళ్లొస్తాయి.

మున్సిపాలిటీ వారి ఆయం వేరే ఉంది. ఇంట్లో మనిషికి కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలట. కార్మికుల క్యాంపు గదుల దగ్గరికొచ్చేసరికి దేశం మొత్తానికి చేసిన శాస్త్రం 3 దగ్గరే ఆగిపోయింది. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. ఆ ఊళ్లో నిలువుగా ఎంతైనా దొరుకుతుంది, పడుకోవాలంటేనే కొరత. నిలబడి నిద్రపోయే విద్య మనవాళ్లు నేర్చుకుంటే అసలు ఏ సమస్యా లేదు. గుర్రాలు నేర్చుకోలేదా?

గృహప్రవేశానికి ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకు కుదిరింది, వంటగదిలో వీడి వంతు అప్పుడే గనక. పాలు కెటిల్లో పొంగించారు. గుమ్మానికి కట్టాల్సిన బూడిద గుమ్మడికాయను, గుమ్మం లేదు కాబట్టి, పై మంచం కడ్డీకి వేలాడదీశారు. అది ఇప్పుడు కింద పడుకున్నవాడి ముక్కుకు జానెడు దూరంలో ఊగుతోంది. దిష్టి తగిలే ప్రసక్తే లేదు.

ఇక దోషమంతా ఆ గోడలోనే. గోడ అంటే అరంగుళం జిప్సం బోర్డు. అటు పక్కవాడు "పెద్ద రూమే, కిటికీ కూడా ఉంది" అని తల్లికి ఫోన్లో చెప్పే అబద్ధం ఇటు స్పష్టంగా వినిపిస్తుంది. కాసేపాగి ఇటువాడు చెప్పే అదే అబద్ధం అటూ వినిపిస్తుంది. పగలంతా ఎవరి ఆఫీసుకో ఫాల్స్ సీలింగు బిగించి వచ్చినవాడు, రాత్రి అదే బోర్డుకు తల ఆనించి పడుకుంటాడు.

ఆయాల్లో ధూమాయం అని ఇంకొకటుంది. సిద్ధాంతి గారు దాని జోలికి వెళ్లలేదు. నేను వెళ్తాను.

2023 ఏప్రిల్ 15న దేరాలోని అల్ రాస్‌లో ఒక భవనం అంటుకుని 16 మంది చనిపోయారు. కాబట్టి ఇరుకు గదులు ప్రాణాలు తీస్తాయని మున్సిపాలిటీ అంటే కాదనే మూర్ఖుణ్ని కాను. పీకాల్సిందే. కానీ 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో అగ్నిప్రమాదంలో చనిపోయినవాళ్లు బస్టాపు కాగితం చూసి చేరినవాళ్లు కాదు. కంపెనీ ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకున్నవాళ్లు. 45 మంది భారతీయుల శవపేటికలు ఒకే వాయుసేన విమానంలో కొచ్చికి వచ్చాయి. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. బతికున్నప్పుడూ షేరింగే, చచ్చాకా షేరింగే.

తప్పంతా గోడదే ఎలా అయింది? అద్దె మీద ఒక్క మాట లేదేం? దుబాయ్‌లో ఒక గది సొంత పేరున తీసుకోవాలంటే ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసివ్వాలి, ఏజెంటుకు కమిషన్ ఇవ్వాలి, కరెంటు, నీళ్లకు 2,000 దిర్హాములు డిపాజిట్ కట్టాలి. నెలకు పదిహేను వందల దిర్హాములొచ్చే మనిషి ఏ చెక్కు రాస్తాడు? ఒక ఫ్లాటును తొమ్మిది ముక్కలు చేసి తొమ్మిది అద్దెలు పిండుకున్నవాడు జరిమానాను రేపటి అద్దెలో కలుపుకుంటాడు. బోర్డు వెనక పడుకున్నవాడు సూట్‌కేసు పట్టుకుని ఇంకా దూరంగా, ఇంకో బోర్డు వెతుక్కుంటాడు. 50 మంది, ఆపైన పనివాళ్లున్న కంపెనీలు చిన్న జీతగాళ్లకు వసతి చూపించాలని ఆ దేశమే నిబంధన పెట్టింది. మరి ఇరవై మంది పనిచేసే హోటల్లో గిన్నెలు కడిగేవాడికి నిద్ర రాదా?

ఇక మన ఢిల్లీ. గల్ఫ్ కార్మికుడికి ఇంత జీతానికి తగ్గకుండా ఇవ్వాలన్న కనీస వేతనాన్ని 2020 సెప్టెంబర్‌లో, కరోనా మధ్యలో, 30 నుంచి 50 శాతం దాకా కోసి పారేసింది ఇదే మన కేంద్ర ప్రభుత్వం. అడిగిన షేకు లేడు, ఒత్తిడి చేసిన కంపెనీ పేరు బయటికి రాలేదు, మనమే మన మనిషి ధర తగ్గించి బల్ల మీద పెట్టాం. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లి పోరాడితే, 2021 జూలైకి గానీ ఆ కాగితం వెనక్కి రాలేదు. ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ మించి తీసుకోకూడదని కూడా రాసుకున్నారు. ఆ రేటుకు విమానమెక్కిన ఒక్కణ్ని జగిత్యాల బస్టాండులో నిలబెట్టి చూపించమనండి. వాళ్లు పంపే డాలర్ల లెక్క మాత్రం ఏటా మైకు ముందు గర్వంగా చదువుతారు. తలుపున్న గదికి సరిపడా జీతం లేని కాంట్రాక్టుల మీద స్టాంపులు వేస్తున్న చేతులు ఎవరివో, అవి అందులో ఎంత మిగుల్చుకుంటున్నాయో ఆ మైకులోనే చదవండి, వింటాం.