వాల్వు పోయిందన్నారు

నా పేరు ఈఎల్84. చూపుడువేలంత గాజు బుడ్డి, కింద తొమ్మిది సూదులు, తల లోపలి వైపు వెండిలా మెరిసే పూత. జహీరాబాద్‌లో ఒక బడిపంతులు గారింట్లో రేడియోకి గొంతునై బతికాను. ఆ రేడియో మూగబోయిన రోజున నేరం నా మీద వేశారు. అది నా నేరం కాదని తేలేసరికి ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్లకు పిల్లలు పుట్టారు.

నా పుట్టిల్లు బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్. 1954లో పెట్టిన ఆ సంస్థ 1961లో ఫిలిప్స్ కంపెనీ సాయంతో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. గాజులోని గాలంతా లాగేసి మూతి కరిగించి మూసేశారు. ఇంకా మిగిలిన కాస్త గాలిని పట్టి ఉంచడానికి లోపల బేరియాన్ని వేడిచేసి ఆవిరి చేశారు. నా తలలోని వెండి పూత అదే. మరుసటి ఏడాదే, 1962లో, అదే సంస్థలో జెర్మేనియం సెమీకండక్టర్ల తయారీ మొదలైంది. నన్ను ఇళ్లలోంచి వెళ్లగొట్టిన వంశం నా పుట్టింట్లోనే పెరిగిందన్న బాధ నాకిప్పటికీ పోలేదు.

నా పని చెబుతాను. 6.3 వోల్టుల కరెంటుతో నాలోని ఫిలమెంటు ఎర్రబడుతుంది. ఆ వేడికి క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేచి, 250 వోల్టులున్న ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నని తీగచుట్ట ఉంటుంది. పాటో మాటో బలహీనమైన సంకేతంగా ఆ గ్రిడ్ మీదికి వస్తే, దాని హెచ్చుతగ్గుల ప్రకారం ఆ పరుగును పెంచి తగ్గించి స్పీకరును కదిలించేదాన్ని. నేను ఇచ్చేది ఐదారు వాట్లే. ఆ నాలుగు గదుల ఇంటికి, బయటి అరుగుకు అది చాలు.

స్విచ్చి వేశాక నేను వేడెక్కేదాకా అందరూ ఎదురుచూసేవారు. ముందు డయలు పక్కన పచ్చ కన్ను మెల్లగా వెలిగేది, వెనకే నా గొంతు లేచేది. హైదరాబాద్ కేంద్రం తెలుగు వార్తలు, సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పలుకు, బుధవారం రాత్రి 8 గంటలకు అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, అన్నీ నాలోంచి వెళ్లినవే. మా ఊళ్లో ఒకే గల్లీలో తెలుగు, ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి. అరుగు మీద చేరినవాళ్లు ఎవరి భాష వచ్చినప్పుడు వాళ్లు ముందుకు జరిగేవారు. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. పంతులు సార్ ఆ లైసెన్సు పుస్తకాన్ని పెట్టెలో దాచేవారు. అంత మర్యాద ఉండేది మాకు.

మర్యాద ఉంది గానీ ఊపిరాడేది కాదు. నేను కాలే వస్తువును, వెనకనున్న చిల్లుల్లోంచి గాలి ఆడాలి. ఇంట్లోవాళ్లు రేడియో మీద అల్లికల గుడ్డ కప్పి, దాన్ని గోడకు ఆనించి, పైన పూలకుండీ పెట్టేవారు. ఏళ్ల తరబడి ఆ వేడికి నేను తట్టుకున్నాను. నా పక్కనున్న కండెన్సర్లు తట్టుకోలేకపోయాయి. ముందు హమ్మింగ్ మొదలైంది, తర్వాత నా గొంతు చిరిగింది. వాటిలో ఒకదాని పని ముందు వాల్వు నుంచి పాటను మాత్రమే నా గ్రిడ్‌కు పంపి, ఎక్కువ వోల్టేజిని ఆపేయడం. అది లీకయితే ఆ వోల్టేజి నా గ్రిడ్ మీదికి కారుతుంది, నాకు పగ్గం తెగిపోతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది. మెకానిక్ వచ్చి చూసేసరికి నేను అలాగే కాలుతున్నాను.

"వాల్వులు పోయినయ్ సార్. ఇంక దీన్కి పైసలు పెట్టుడు దండుగ. ట్రాన్సిస్టర్ కొనుర్రి."

మీటరు పెట్టలేదు, నన్ను ఊడదీసి ఇంకో సాకెట్లో గుచ్చి చూడలేదు. కొద్దిపాటి ఖర్చుతో మార్చగలిగిన కండెన్సర్ చేసిన తప్పుకు నన్ను అటక ఎక్కించారు. ఆ మాట నన్ను కాల్చినంతగా ప్లేటు వేడి కూడా కాల్చలేదు.

అటక మీద ఎలుకలు స్పీకరు కాగితం కొరికేశాయి. డయలు దారం తెగి ముల్లు ఒక మూలకు ఒరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద కందిరీగలు మట్టిగూడు కట్టాయి. వానాకాలం పెంకుల సందుల్లోంచి కారిన నీళ్లకు చెక్కపెట్టె ఉబ్బి, పైపొర పెచ్చులు లేచింది. కింద గదిలో ట్రాన్సిస్టర్ మోగేది, తర్వాత టీవీ. పండక్కి ముందు ఎవరైనా అటక ఎక్కితే నాకు ఆశ పుట్టేది. పాత గంగాళాలు దింపుకొని వెళ్లేవారు, మా వైపు చూసేవారు కాదు. ఒకసారి కబాడీ అతను వచ్చి రాగితీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్‌ను అడిగాడు. నా సంగతే ఎత్తలేదు. గాజుకు తూకంలో విలువ లేదు. అమ్మగారు బేరం కుదరక పంపేశారు. అలా బతికిపోయాం.

2008 అక్టోబరు 15న మా ఊరి దగ్గరి మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, చిరుధాన్యాలు పండించే దళిత ఆడవాళ్లు, సొంత గొంతులతో, సొంత యాసలో నడిపే కేంద్రం. మా రేడియో మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లది, వాళ్లది 90.4 ఎఫ్ఎం. బాగున్నా పట్టలేకపోయేది. అయినా మా మట్టి మాట గాల్లోకి ఎక్కిన పూట నేను దుమ్ములో పడి ఉండటం నాకు తీరని లోటు.

సార్ మనవడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. వాడే అటక ఎక్కాడు.

"తాతా, గీ రేడియో నేన్ తీస్కోనా?"

"తీస్కపో బిడ్డా. దాని వాల్వులు పోయినయంట."

వాడు నన్ను ఊడదీసి, చొక్కాతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. గాజు పగిలి గాలి చొరబడితే మా తలలోని వెండి పూత తెల్లగా సున్నంలా మారిపోతుంది. నాది అలాగే మెరుస్తోంది. "పోలే తాతా. మంచిగనే ఉన్నది." ఆ మాట వినడానికే నేను అన్నాళ్లు అటక మీద ఉన్నాననిపించింది.

వాడికి కావలసింది 1950ల నాటి తీరులో చిన్న గిటారు ఆంప్లిఫయర్. అమెరికాలో ఫెండర్ చాంప్ అనే ఆంప్ ఉండేది. ముందు ఒక జంట వాల్వు, చివర పవరు వాల్వు ఒక్కటే. ఆ పవరు వాల్వు స్థానంలో నన్ను పెట్టాడు. నా ముందు నిలబడటానికి ఈసీసీ83 అనే జంట వాల్వు తెచ్చాడు. కండెన్సర్లు, రెసిస్టర్లు, గిటారు జాక్ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చాడు. మా పాత చాసీ, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉంచాడు. నాకు కావలసిన లోడు 5,200 ఓములు, స్పీకరుది కొద్ది ఓములే. ఆ రెంటినీ కలిపేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే, అందుకే స్పీకరు తగిలించకుండా వాడెప్పుడూ స్విచ్చి వేయలేదు.

వాడి జాగ్రత్త నాకు నచ్చింది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లు కొన్ని ఉంటాయి, వాటి చాసీకి నేరుగా ఇంటి కరెంటే తగులుతుంది. గిటారు తీగలు చాసీకే కలుస్తాయి కాబట్టి అలాంటి సెట్టు మనిషి ప్రాణం తీస్తుంది. మాది ట్రాన్స్‌ఫార్మర్ సెట్టని రూఢి చేసుకున్నాకే మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి, చాసీకి ఎర్త్ బిగించాడు. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ రెసిస్టర్‌తో ఆ చార్జిని దించి, మీటరుతో చూసుకునేవాడు. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు వరుసలో 60 వాట్ల బల్బు పెట్టాడు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగిపోతుంది. అది ఒక్క క్షణం వెలిగి మసకబారింది. నా ఫిలమెంటు ఎర్రబడింది.

వాడు తీగ మీటాడు. గిటారు పికప్ నుంచి వచ్చే ఆ కొద్దిపాటి వోల్టేజిని ఈసీసీ83 పెంచి నాకు అందించింది. వాల్యూమ్ సగంలో ఉన్నప్పుడు గంట కొట్టినంత తేటగా పలికాను. వాడు నాబ్ చివరిదాకా తిప్పాడు. నా శక్తికి మించిన సంకేతం వచ్చి పడింది, అలల శిఖరాలు చదునై, గొంతు గరుకెక్కింది. రేడియోలో ఇలాగైతే సార్ లేచి వచ్చి వాల్యూమ్ తగ్గించేవారు. మనవడు కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా మీటాడు. వాడు వెతికిందే ఆ గరుకుదనం. ట్రాన్సిస్టర్ హద్దు దాటితే అలను ఒక్కసారిగా కత్తిరిస్తుంది, నేను అంచులు గుండ్రంగా వంచుతాను. చేతి బరువును బట్టి నా గొంతు మారుతుంది. సార్ పక్క గదిలోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు, తగ్గించమనలేదు. "గప్పుడు దీన్ని ఊకెనే పక్కకు పెట్టినం" అన్నారు. అంత చాలు నాకు.

ఇప్పుడు వాడికి ఇంకో కోరిక పుట్టింది. బీటిల్స్ వాయించిన వోక్స్ ఏసీ30లో నావంటివి నాలుగు, దానికన్నా చిన్నదైన ఏసీ15లో రెండు ఉంటాయి. ఒకటి లాగుతుంటే ఒకటి తోస్తూ రెండు వాల్వులు కలిసి పనిచేస్తే 15 వాట్ల దాకా వస్తుంది, చర్చి హాలుకు సరిపోతుంది. దానికి వేరే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాలి, నాకు జత దొరకాలి. రష్యాలో, స్లొవేకియాలో చేసిన కొత్త ఈఎల్84లు అమ్ముతారు. వాడు మాత్రం బెంగళూరు ముద్ర ఉన్నదే కావాలంటున్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ సంతకు పోతాడట, పాత రేడియోల గుట్టల్లో వెతకడానికి. పోల్చి చూసుకోవడానికి నన్ను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుంటానన్నాడు.